ఓట్లు లెక్కపెట్టకముందే గెలుపు చెప్పడం: బ్రిటన్, అమెరికా, మనం.. ఏ పద్ధతి మేలు?

2024 జూన్ 4. పొద్దున ఎనిమిది దాటి ఐదు నిమిషాలైందో లేదో, టీవీలో అంకెలు పరుగు మొదలుపెట్టాయి. ఈ పార్టీకి ఇన్నిచోట్ల ఆధిక్యం, ఆ పార్టీకి అన్నిచోట్ల. కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చున్న మా బాబాయి విసుక్కున్నాడు: "పోస్టల్ బ్యాలెట్ కవర్లు కూడా ఇంకా చించి ఉండర్రా, వీళ్లకి ఆధిక్యం ఎక్కడ దొరికింది?"

ఆయన రెండు ఎన్నికల్లో కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్న మనిషి. ఎనిమిదికి పోస్టల్ బ్యాలెట్లు, ఎనిమిదిన్నరకి ఈవీఎంలు అన్నది ఆయనకి కంఠతా వచ్చు. ఆ ఏడాది అక్టోబరులో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్ కూడా ఇదే విసుగు చూపించారు. ఈవీఎంల లెక్కింపే ఎనిమిదిన్నరకి మొదలైతే ఎనిమిదీ ఐదుకే ఆధిక్యాలు చూపించడం అర్థంలేని పని అన్నారు.

ఫలితం రాకముందే చెప్పాలన్న ఆత్రం మన చానళ్లకే ఉందనుకోకండి. బ్రిటన్, అమెరికాలకూ ఉంది. కాకపోతే తీర్చుకునే తీరు వేరు.

బ్రిటన్‌ది పొదుపు వ్యవహారం. బీబీసీ, ఐటీవీ, స్కై కలిసి ఒకే ఒక్క ఎగ్జిట్ పోల్ చేయిస్తాయి. రాత్రి పదింటికి పోలింగ్ ముగుస్తుంది, అదే క్షణంలో అంకె తెరమీదికి వస్తుంది. అంతకుముందు బయటపెడితే నేరం. 2024 జులైలో లేబర్ పార్టీకి 410 అన్నారు, స్పీకర్ సీటు పక్కన పెడితే 411 వచ్చాయి. కన్జర్వేటివ్‌లకి 131 అన్నారు, 121 వచ్చాయి. ప్రతిసారీ ఇంత దగ్గరగా తగలదు. 1992లో హంగ్ వస్తుందన్నారు, జాన్ మేజర్ మెజారిటీతో గెలిచాడు. 2015లో కన్జర్వేటివ్‌లకి 316 అంటే 331 వచ్చాయి. అయినా మొత్తం మీద మంచి రికార్డే.

దీని కిటుకు సర్వే సైజులో లేదు. 2024లో వాళ్లు వెళ్లింది దేశమంతటా కలిపి 130 పైచిలుకు పోలింగ్ కేంద్రాలకే. వీలైనంతవరకు క్రితంసారి వెళ్లిన చోటికే మళ్లీ వెళ్తారు. అక్కడ పోయినసారికీ ఈసారికీ ఎంత మారిందో చూసి, ఆ తేడాని మిగతా నియోజకవర్గాలకి లెక్కగడతారు. ఇంకో సంగతి: ఓటరుని నోటితో అడగరు. ఉత్తుత్తి బ్యాలెట్ కాగితం చేతికిచ్చి, గుర్తు పెట్టి డబ్బాలో వేయమంటారు. ఎవరికి వేశావో పక్కవాడికి తెలియదు, అడిగినవాడికీ తెలియదు.

అమెరికా కథ వేరు. అక్కడ దేశం మొత్తానికి ఫలితం ప్రకటించే ఎన్నికల సంఘమే లేదు. ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే, అధికారికంగా ధ్రువీకరించడానికి వారాలు పడుతుంది. అందుకని 1848 నుంచీ ఆ పని అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ నెత్తినేసుకుంది. పొట్టిగా దాన్నీ ఏపీ అనే అంటారు. అక్కడి మనవాళ్లతో ఫోన్లో మాట్లాడేటప్పుడు "ఏపీ ఏం చెప్పింది?" అంటే ఏ ఏపీయో ఒక్క క్షణం తికమకే.

ఈ సంస్థ వేసుకునే ప్రశ్న మన సర్వేలవాళ్ల ప్రశ్న లాంటిది కాదు. "ఎవరు గెలుస్తారు?" అని అడగదు. "వెనకబడ్డవాడు అందుకునే దారి ఇంకా మిగిలిందా?" అని అడుగుతుంది. దారి లేదని తేలితేనే పేరు చెబుతుంది. వ్యోమింగ్, వెర్మాంట్ లాంటి ఏకపక్ష రాష్ట్రాల్లో ఒక్క ఓటూ లెక్కకి రాకముందే, పోలింగ్ ముగిసిన నిమిషంలోనే చెప్పేస్తుంది. పాత చరిత్ర, ఓటర్ల సర్వే రెండూ కలిసి అంత గట్టిగా చెబుతాయి కాబట్టి. పోటాపోటీగా ఉన్నచోట మాత్రం కౌంటీ కౌంటీకీ ఇంకా ఎన్ని ఓట్లు మిగిలాయి, అవి ఎలాంటి ఓట్లు అన్నది చూసుకుంటూ రోజులకి రోజులు ఆగుతుంది.

ఆగకపోతే ఏమవుతుందో 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా చూపించింది. ఆ రాష్ట్రం ఎవరిదైతే అధ్యక్ష పదవి వాళ్లదే. ఆ రాత్రి 7 గంటల 50 నిమిషాలప్పుడు చానళ్లు ఫ్లోరిడా అల్ గోర్‌దే అన్నాయి. ఆ రాష్ట్రం పడమటి కొసలో గడియారం ఒక గంట వెనక, అక్కడ పోలింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. పది ప్రాంతంలో మాట వెనక్కి తీసుకున్నాయి. అర్ధరాత్రి దాటాక రెండుంబావుకి ఫాక్స్ న్యూస్ "బుష్" అంది, నిమిషాల్లో మిగతావీ అందుకున్నాయి. గోర్ బుష్‌కి ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ మాట జనానికి చెప్పడానికి బయల్దేరి, దారిలో తేడా కరిగిపోతోందని తెలిసి, మళ్లీ ఫోన్ చేసి ఒప్పుకోలు వాపసు తీసుకున్నాడు. తెల్లవారుజామున చానళ్లు రెండోసారి నాలుక కరుచుకున్నాయి. చివరికి తేడా 537 ఓట్లు. ఆ రాత్రి బుష్ గెలిచాడని చెప్పకుండా నోరు కట్టుకున్నది అసోసియేటెడ్ ప్రెస్.

2020లో పెన్సిల్వేనియాలో మొదటి రాత్రి ట్రంప్ ఆరు లక్షలకి పైగా ఓట్ల ముందంజలో ఉన్నాడు. మన చానళ్ల భాషలో అయితే "భారీ ఆధిక్యం". పోస్టులో వచ్చిన ఓట్లు పెట్టెల్లోనే ఉన్నాయి, వాటిలో ఎక్కువ బైడెన్‌వని లెక్కలు చూసేవాళ్లకి తెలుసు. నాలుగు రోజులాగి చెప్పారు. బైడెన్ 80 వేల ఓట్ల తేడాతో గెలిచాడు. అదే ఏడాది అరిజోనాని మాత్రం ఫాక్స్ న్యూస్ మొదటి రాత్రే బైడెన్‌కి రాసేసింది, మూడున్నర గంటల తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ కూడా. మిగతా పెద్ద చానళ్లు తొమ్మిది రోజులాగాయి. తేడా కరుగుతూ కరుగుతూ 10,457 దగ్గర ఆగింది. చెప్పింది నిజమే అయింది కానీ, నాకైతే అది తొందరపాటే. ఆగినవాళ్లకి పోయిందేమీ లేదు.

ఇక మన సంగతి. మనకి ఒక్క ఎగ్జిట్ పోల్ కాదు, డజన్లు. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ప్రకారం చివరి విడత పోలింగ్ అయిన అరగంట దాకా నోరు మూసుకోవాలి, లేదంటే రెండేళ్ల దాకా జైలు. చట్టం మంచిదే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న ఓట్లేసి జూన్ 4 దాకా కూర్చున్నాం. ఆ మూడు వారాలూ ఊళ్లలో పందేలు, వాట్సాప్‌లో దొంగ సర్వేలు. జూన్ 1 సాయంత్రం ఆరున్నరకి గేటు ఎత్తారు. కొన్ని సర్వేలు కూటమి అన్నాయి, కొన్ని మళ్లీ వైసీపీయే అన్నాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకున్నారు. వచ్చింది కూటమికి 164, వైసీపీకి 11.

ఇక్కడ సర్వేవాళ్ల కష్టం కూడా ఒప్పుకోవాలి. దాదాపు 39 శాతం ఓట్లొచ్చిన పార్టీకి 175లో 11 సీట్లు వచ్చాయంటే, ఓట్ల శాతం కరెక్టుగా పట్టుకున్నవాడు కూడా సీట్ల దగ్గర బోల్తా పడొచ్చు. పైగా మనవాళ్లని మొహమ్మీద అడిగితే నిజం చెబుతారా? "ఎవరికేస్తే ఏముందిలే బాబూ" అని నవ్వి వెళ్లిపోతారు. ఆంధ్రా ఆక్టోపస్ అని పేరు తెచ్చుకున్న లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణలో కాంగ్రెస్, టీడీపీల కూటమికి 65, పది అటూ ఇటూ అన్నారు. టీఆర్‌ఎస్‌కి 88 వచ్చాయి. మరుసటేడు ఆంధ్రాలో టీడీపీకి వంద, పది అటూ ఇటూ అన్నారు. 23 వచ్చాయి. దేశం మొత్తానికి 2024లో ఒక పేరున్న సంస్థ ఎన్డీయేకి 361 నుంచి 401 అంది. నలభై సీట్ల వెసులుబాటు పెట్టుకుని కూడా అంచనా తప్పింది, వచ్చింది 293. ఆ సర్వేలు నమ్మి జూన్ 3న సెన్సెక్స్ రెండున్నర వేల పాయింట్లు ఎగిరింది, మర్నాడు దాదాపు 4,390 పడింది.

మరి ఏది మేలు? బ్రిటన్ సర్వే తప్పినా నష్టం ఒక్క రాత్రిది, తెల్లారేసరికి అసలు లెక్క వచ్చేస్తుంది. మన దగ్గర దాన్ని తెచ్చిపెట్టడం కష్టం. చానళ్లన్నీ కలిసి ఒక్క సర్వేకి డబ్బులు పెడతాయంటే నేను నమ్మను. అమెరికా పద్ధతికే నా ఓటు. విచిత్రమేమిటంటే దానికి కావాల్సిన సరుకు మన దగ్గర చాలానే ఉంది. బ్రిటన్‌లో నియోజకవర్గం మొత్తానికి ఒకే ఫలితం ఇస్తారు, పోలింగ్ కేంద్రాల వారీగా ఇవ్వరు. మనకి ఫారం 20లో బూత్ బూత్‌కీ ఎవరికెన్ని ఓట్లో ఎన్నికల సంఘమే ఇస్తుంది. ఒక్కో రౌండులో మామూలుగా 14 టేబుళ్లు, అంటే 14 బూత్‌లు, బూత్ నంబర్ల వరసలో. పోయినసారి అంకెలు పక్కన పెట్టుకుంటే ఎక్కడ ఎంత మారిందో రెండో రౌండుకే కనిపిస్తుంది. చానళ్లు ఆ పని చేయవు, "ఆధిక్యం" అని మాత్రం చూపిస్తాయి. ఏ మండలం అయింది, ఏది మిగిలిందన్న మాటే ఉండదు.

బాబాయి చేసింది అదే పని. ఆ రోజు ఆయన టీవీ సౌండు తగ్గించి, పాత క్యాలెండరు కాగితం వెనక మండలాల పేర్లు రాసుకున్నాడు. ఒక్కోదాని పక్కన పోయినసారి వచ్చిన మెజారిటీ. రౌండు అయినప్పుడల్లా లోపలున్న ఏజెంటు బయటికి చెప్పించేవాడు, బయటివాడు ఫోన్ చేసేవాడు. బాబాయి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంకా ఏ మండలం ఉంది?" పదకొండో రౌండు దగ్గర పెన్ను మూత పెట్టేశాడు.

"అయిపోయిందిరా. మిగిలిన పెట్టెలన్నీ వాళ్లకే పడినా చాలవు."

టీవీలో మా నియోజకవర్గం పక్కన "ఆధిక్యం" అన్న మాట ఇంకో రెండు గంటలు అలాగే ఉంది.