రెండేళ్ల ఆన్‌లైన్ కూచిపూడి: ఒక పోటీల పిల్ల తల్లి సమీక్ష

2020లో ఉగాది నాడే, మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైంది. ఆ వచ్చే ఆదివారం విజయవాడలో మా అమ్మాయికి పోటీ. కాస్ట్యూమ్, జడ, వడ్డాణం అన్నీ అట్టపెట్టెలో సర్ది ఉన్నాయి. పోటీని వేసవికి వాయిదా వేశారు, తర్వాత దసరాకి, ఆపైన కబురే లేదు. ఆ కాస్ట్యూమ్ ఒక్కసారీ వేసుకోకుండానే పొట్టైపోయింది. కుట్లు విప్పితే రెండంగుళాలు వచ్చింది గానీ, పదేళ్ల పిల్ల ఆగుతుందా?

మే నుంచి క్లాసులు ఫోన్‌లో, వీడియో కాల్ యాప్ మీద. మాస్టారికీ కొత్తే, మాకూ కొత్తే. మాస్టారు తాళం వేసే కర్ర చప్పుడునీ గజ్జెల చప్పుడునీ ఆ యాప్ ఉత్త గోల కింద జమకట్టి నొక్కేసేది. మాటలు మాత్రం శుభ్రంగా వినిపించేవి. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ అని ఒకటుందని తెలిసేసరికి మూడు నెలలు గడిచాయి. ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే మొదటి రోజే అది చూసుకోండి.

తాళానికి మాత్రం ఏ సెట్టింగూ లేదు. మాస్టారి కర్ర దెబ్బ మా ఇంటికి చేరడానికి కాస్త ఆలస్యం, పిల్ల అడుగు ఆయనకు చేరడానికి ఇంకాస్త. ఇక్కడ సరిగ్గా తాళంలోనే ఉంటుంది, అక్కడ వెనకబడినట్టు కనిపిస్తుంది. “ఏమ్మా, లాగుతున్నావ్” అంటారాయన. పిల్లకు కళ్లలో నీళ్లు. కొన్నాళ్లకు ఆయనే దారి కనిపెట్టారు. జతి, అంటే అడుగులకు పలికే ‘తకధిమి’ లాంటి మాటల వరస, తన గొంతుతో చెప్పి వాట్సాప్‌లో పంపేవారు. అమ్మాయి ఆ జతికి ఆడి వీడియో పంపేది. రాత్రి భోజనాలయ్యాక ఆయన గొంతు వచ్చేది: “రెండో ఆవర్తంలో మోకాళ్లు లేచాయి, అరమండి కూర్చోలేదు.” (ఆవర్తం అంటే తాళం ఒక చుట్టు; అరమండి అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు ఉండే భంగిమ.) నిజం చెప్పొద్దూ, ఈ దిద్దుబాటు మామూలు క్లాసులో మాకెప్పుడూ దొరకలేదు. పదిహేను మంది పిల్లల పాదాలు ఒకేసారి చూడ్డం ఎవరి తరం!

ఇల్లు మాత్రం నాట్యానికి పనికిరాదు. టైల్స్ మీద రెండు నెలలు తట్టేసరికి మడమలు నొప్పి. యోగా మ్యాట్ వేస్తే పాదం అతుక్కుపోయి తిరగదు. తరంగం అంటే ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడేది; ఇంట్లో పళ్లెం ఎక్కితే అది ఎటు జారుతుందో తెలియదు, ఆ అంశం పూర్తిగా మానేశాం. కిందింటి పెద్దాయన మొదటి వారం ఊరుకున్నారు, రెండో వారం తలుపు కొట్టారు. ఆయన సీరియల్ చూసే వేళకు సాధన మార్చుకున్నాం.

ఇక వీడియో పోటీలు. ఆ రోజుల్లో వారానికొకటి ‘జాతీయ స్థాయి’ పోటీ పుట్టుకొచ్చేది. రుసుము కట్టి, వీడియో పంపితే, ఈ-సర్టిఫికెట్. మూడింటికి కట్టాక గాని నాకు బుద్ధి రాలేదు. మూడింట్లోనూ ప్రథమ బహుమతే, ఎంతమందికి ప్రథమో అడగొద్దు. వీటి జోలికి వెళ్లకండి.

మంచి పోటీలూ ఉన్నాయి. ఎడిటింగ్ ఉండకూడదు, ఒకే టేకు, పాదాలు ఫ్రేములో కనబడాలి అనేవారు. కష్టమంతా అక్కడే. ఒకే టేకు అంటే అది ఎన్నో టేకు అని ఎవరూ అడగరుగా! ఏడో నిమిషంలో చెయ్యి తప్పితే “అమ్మా, మళ్లీ” అనేది. ఒక ఆదివారం పద్నాలుగు సార్లు తీశాం. మేకప్ కారిపోయింది. నేను కసిరాను. చివరికి పంపింది రెండోసారి తీసినదే.

2021 డిసెంబరులో మళ్లీ స్టేజీ ఆశ పుట్టింది, సంక్రాంతికి ఒమిక్రాన్ దాన్నీ మింగేసింది. అసలు స్టేజీ ఎక్కింది 2022 వేసవిలో, కొత్త కాస్ట్యూమ్‌తో. రెండో జతిలో అడుగు తప్పింది. తప్పగానే ఆగిపోయి, స్టేజీ పక్క తెర చాటున నిలబడ్డ నావైపు చూసింది, నేనేదో ఫోన్ ఆపుతానన్నట్టు. రెండు ఆవర్తాలు అలాగే పోయాయి. మాస్టారు నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం) ఆపకుండా, కళ్లతోనే పిల్లను మళ్లీ లోపలికి లాక్కున్నారు.

నన్నడిగితే రేటింగ్ ఐదుకి మూడు. రాత్రి దిద్దుబాటుకి ఐదు, తాళానికి ఒకటి, ఈ-సర్టిఫికెట్లకి సున్నా. ఇప్పుడు వారానికి మూడు రోజులు మాస్టారింటికే వెళ్తోంది. వాట్సాప్ దిద్దుబాటు మాత్రం వదల్లేదు, నాదొక్క షరతు మీద: వీడియో ఒక్కసారే తీస్తాను, తప్పు వచ్చినా అదే పంపుతాను. మొదటి నెలంతా పిల్ల నాతో మాట్లాడలేదు.