వెంటాడే కథకు కెమెరా ఎవరి వైపు ఉండాలి? ఏది మేలు?

చిన్న బడ్జెట్‌లో స్టాకర్ థ్రిల్లర్ తీయబోయేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. కెమెరాను వెంటాడేవాడి కళ్లుగా వాడాలా, వేధింపు పడుతున్న అమ్మాయి పక్కనే ఉంచాలా, ఏదో మూలన బిగించి కదపకుండా వదిలేయాలా? ఎక్కువమంది మొదటిదానికే మొగ్గుతారు. చవక, వెంటాడేవాడికి నటుడు అక్కర్లేదు, తొలి షాట్‌తోనే భయం పుడుతుంది. ఇవన్నీ నిజాలే. అయితే సైకలాజికల్ థ్రిల్లర్ సందేహం మీద బతుకుతుంది. నిజంగా ఎవరైనా ఉన్నారా, అంతా ఆమె ఊహేనా అన్న అనుమానం ఎన్నో నిమిషం దాకా నిలవాలో స్క్రిప్టు మొదటి పేజీ మీద రాసుకోండి. కెమెరా ఎక్కడ పెట్టాలో అక్కడే సగం తేలిపోతుంది.

వెంటాడేవాడి కళ్లతో చూపించే షాట్‌ను పీవోవీ (పాయింట్ ఆఫ్ వ్యూ) అంటారు. దానితో వచ్చే చిక్కు ఇదే. కిటికీ అవతలి నుంచి ఊగుతున్న కెమెరా ఆమెను చూసిందంటే, వాడు ఉన్నాడని సినిమాయే సాక్ష్యం చెప్పేసినట్టు. ఆ తర్వాత స్నేహితురాలు నమ్మకపోయినా, పోలీసులు కొట్టిపారేసినా ప్రేక్షకుడికి ఉత్కంఠ కలగదు. తనకు తెలిసిన సంగతి వీళ్లకెప్పుడు తెలుస్తుందా అని విసుగొస్తుంది. ‘హాలోవీన్’ (1978) ఆరంభంలోని పీవోవీ అంతగా పనిచేయడానికి కారణం, చివర్లో ముసుగు తీసేసరికి ఆ కళ్లు ఒక చిన్నపిల్లాడివని బయటపడటం. ఆ షాట్ చివర చెప్పడానికి ఒక సంగతి ఉంది. మీ దానికి లేకపోతే అది వట్టి బెదిరింపుగానే మిగులుతుంది.

చవక అన్న మాటలోనూ మెలిక ఉంది. పీవోవీ షాట్‌కు వేరే యాంగిల్ ఉండదు కాబట్టి ఎడిటింగ్ టేబుల్ మీద సర్దుకునే వీలు తక్కువ. 40 సెకన్ల షాట్‌లో 35వ సెకను దగ్గర నటి చూపు తప్పితే మొత్తం మళ్లీ తీయాల్సిందే. రాత్రి వీధిలో తీస్తే వెనక ఉన్న లైటు వల్ల కెమెరామన్ నీడ ముందు పడుతుంది. దుకాణాల అద్దాల్లో యూనిట్ మొత్తం కనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌లో (పాత ఫొటో ఫిల్ము సైజు సెన్సర్ ఉన్న కెమెరాలో) 28 నుంచి 35 మి.మీ. లెన్స్ దాటకండి. 85 మి.మీ. వాడితే మనిషి కన్నులా కాకుండా, దూరం నుంచి ఫొటో తీస్తున్నట్టు అనిపిస్తుంది. పైన బరువైన ఊపిరి శబ్దం వేయడం మానేయండి. ఆ పద్ధతి ఎప్పుడో అరిగిపోయింది.

కదలని కెమెరా ఇంతకంటే చాలా నయం. ‘కాషే’ (2005) మొదట్లో ఒక ఇంటిని అలా చూపిస్తూ ఉంటారు. కాసేపటికి అది ఎవరో పంపిన వీడియో అని తెలుస్తుంది. ఎవరు చూస్తున్నారో తెలియదు కాబట్టి సందేహం చెడదు. షాట్ నడుస్తుండగా ఫోకస్ మార్చే మనిషి (ఫోకస్ పుల్లర్) అక్కర్లేదు, కెమెరాను నడిపే ట్రాక్ అక్కర్లేదు. కానీ ఒక్కో షాట్ ఒకటి రెండు నిమిషాలు నిలవాలంటే నటులకు గట్టి రిహార్సల్ ఉండాలి. ప్రేక్షకుడి చూపు ఫ్రేమంతా తిరుగుతుంది గనుక మూల మూలకూ ఆర్ట్ పని చేయాలి, లైటింగ్ చేయాలి. ట్యూబ్‌లైట్ల కింద తీస్తుంటే షట్టర్‌ను కరెంటుకు సరిపెట్టండి: 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట సెకనులో 1/50 వంతు, 60 ఉన్నచోట 1/60 వంతు. లేదంటే నిశ్చలంగా ఉన్న షాట్‌లో గోడ మీద చారలు పాకుతూ కనిపిస్తాయి, దాన్ని తర్వాత తీసేయడం కష్టం. సినిమా మొత్తం ఇలాగే తీస్తే మాత్రం ఆమె మీద మమకారం పుట్టదు. ఆమె ముఖానికి దగ్గరగా వెళ్లే దారే ఉండదు.

అందుకే నా ఓటు ఆమె పక్కనే ఉండే కెమెరాకు. స్టాకింగ్ ఒక్క దెబ్బతో జరిగిపోయేది కాదు. చిన్న చిన్న చొరబాట్లు పదే పదే జరుగుతుంటాయి. ఏదో మారిందని ప్రేక్షకుడికి తట్టాలంటే, మారకముందు ఎలా ఉండేదో అతనికి కంఠతా వచ్చి ఉండాలి. ఆమె తాళం తీయడం, చెప్పులు విడవడం, లైటు వేయడం, బ్యాగు కుర్చీకి తగిలించడం ఒకే షాట్‌లో చూపించండి. సినిమాలో ఇది మూడుసార్లు రావాలి. మొదటిసారి మామూలుగా ఉంటుంది. రెండోసారి కుర్చీ రెండో వైపుకు తిరిగి ఉంటుంది. దానికి క్లోజప్ వేయొద్దు, సంగీతం వేయొద్దు. మూడోసారి, ఆమె ఒకరిని వెంటబెట్టుకుని చూపించడానికి వచ్చేసరికి, కుర్చీ ఎప్పటిలాగే ఉంటుంది. ఎవరూ కనిపించకుండానే సందేహం రెట్టింపవుతుంది, ఆ సందేహం ఆమె మీదకే తిరుగుతుంది.

ఖర్చు తగ్గేది కూడా ఇక్కడే. ఆ మూడు సార్లనూ ఒకే రోజు, ఒకే సెటప్‌లో తీయొచ్చు. ట్రైపాడ్ కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించండి. లెన్స్, ఎత్తు, అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకె), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) రాసి పెట్టుకోండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే గోడ రంగు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, ప్రేక్షకుడు దాన్నే ఆధారం అనుకుంటాడు. కిటికీలకు నల్లగుడ్డ కట్టేస్తే పగలే మూడు రాత్రులు పూర్తవుతాయి. కెమెరా, లైట్లు కదపకుండా బట్టలు మార్చడమే త్వరగా తెమిలే పని. జుట్టు దగ్గర కంటిన్యుటీ (షాట్‌కూ షాట్‌కూ పొంతన) పోతుంది, మూడింటికీ ముడి వేయించడం మేలు.

వాడు కనిపించక తప్పని చోట మసకగా కనిపించాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. లెన్స్, ఎఫ్ 2 (అంకె తగ్గేకొద్దీ వెనకది ఎక్కువ మసకబారుతుంది). నటి 2 మీటర్ల దగ్గర ఫోకస్‌లో ఉంటే, 8 మీటర్ల దగ్గర నిలబడ్డవాడి ఆకారం తెలుస్తుంది, ముఖం మాత్రం చెదిరిపోతుంది. అప్పుడు ఆ పాత్రకు స్టార్ నటుడు అక్కర్లేదు, యూనిట్‌లో ఒడ్డూ పొడుగూ సరిపోయినవాళ్లు ఎవరైనా నిలబడొచ్చు. ఎఫ్ 5.6కు వెళ్తే ముఖం పోల్చుకోవచ్చు, గుట్టు రట్టవుతుంది. ఎఫ్ 1.4 మరీ ప్రమాదం: స్పష్టంగా కనిపించే లోతు 13 సెంటీమీటర్లకు మించదు, నటి కాస్త ముందుకు వంగితే ఆమే మసకబారుతుంది. ఆటోఫోకస్ తప్పకుండా ఆపేయండి. వెనక ఉన్నవాడు కదలగానే అది అటు పరుగెత్తి, మీరు దాచినవాడిని తెచ్చి చూపిస్తుంది.

మిగిలిన భారమంతా శబ్దానిది. డబ్బు మిగిలితే లెన్సుల మీద కాకుండా మంచి మైకు మీద పెట్టండి. ప్రతి లొకేషన్‌లో అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేయండి. అది లేకపోతే డైలాగుల మధ్య శబ్దం తెగి తెగి వినిపిస్తుంది, మౌనం మీద నడిచే సినిమాకు అంతకంటే నష్టం లేదు. ఫ్రిజ్ ఆపి, వాహనం తాళాలు అందులోనే పెట్టండి, వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. అడుగుల చప్పుడు విడిగా ఫోలీలో (షూటింగ్ తర్వాత స్టూడియోలో చప్పుళ్లు చేసి రికార్డు చేసే పనిలో) చేయించండి. ఆమె అడుగుల కింద రెండో జత అడుగులు దాదాపు కలిసిపోయి ఉండాలి. ఆమె ఆగాక ఒక్క అడుగు అదనంగా పడాలి. సినిమాలో దీన్ని రెండుసార్లకు మించి వాడొద్దు.

ఫౌండ్ ఫుటేజ్ పద్ధతికి (పాత్రలే తీసుకున్న వీడియోలా నడిపే సినిమాకు) ఇద్దరు నటులు చాలు, ‘క్రీప్’ (2014) దాదాపు అలాగే నడుస్తుంది. కాకపోతే ఇంత ప్రమాదంలోనూ ఇంకా ఎందుకు షూట్ చేస్తున్నారన్న ప్రశ్నకు ప్రతి సీన్‌లోనూ జవాబు రాయాలి. ఫోన్, కంప్యూటర్ తెరల మీదే నడిపే సినిమాకు షూటింగ్ తక్కువే గానీ, ఆ తెరలన్నీ తయారు చేసుకునే పని నెలల తరబడి సాగుతుంది.

కలిపి వాడొచ్చా అంటే, వాడొచ్చు. కదలని షాట్లు మూడు నాలుగు, అన్నీ మొదటి సగంలో పెట్టండి. పీవోవీ ఒక్కటి చాలు, అదీ సందేహం తీరిపోయిన నిమిషం తర్వాత. అంతకుముందు ఒక్కటి జారినా, ఎంత బాగా వచ్చిన షాటైనా కత్తిరించేయండి.