ఎండెవర్ చెక్క నమూనా కిట్: కట్టి చూశాక

బ్రిటిష్ విమానాల తయారీదారు టామ్ సాప్‌విత్ 1934లో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పోటీ గెలవాలని అట్లాంటిక్ దాటించిన పందెపు పడవ ఎండెవర్‌ను ఎనభయ్యో వంతు కొలతలో కట్టుకునే చెక్క కిట్ ఇది. నాలుగు నెలల సాయంత్రాలు దీనికే ఇచ్చి, పోయిన వారం చివరి తాడు ముడి వేశాను. ఓపిక ఉన్నవారు నిస్సందేహంగా కొనవచ్చు. అసలు పడవ దాదాపు 130 అడుగుల పొడవు కనుక నమూనా అర మీటరు వస్తుంది. ఆ పొడవులో నీటిని తాకేది 83 అడుగులే, మిగిలినదంతా ముందూ వెనకా నీటి మీదికి సాగిన కొసలే. ఎండెవర్ లాంటి ‘జె తరగతి’ భారీ పందెపు పడవలకు ఆ అందం ఎక్కడిదో ఫోటోల్లో నాకెప్పుడూ ఇంత స్పష్టంగా తెలియలేదు.

పక్కటెముకలు గాడుల్లో బిగువుగా కూర్చున్నాయి. కష్టమంతా వాటి మీద పరిచే సన్నని చెక్క బద్దలతోనే. వెనక కొసకు వచ్చేసరికి ప్రతి బద్దనూ నీళ్లలో నానబెట్టి, అంచు సన్నగా చెక్కి వంచాలి, లేకపోతే ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది. నా చేతిలో మూడు విరిగాయి, అదనంగా ఇచ్చినవి నాలుగే. అసలు ఎండెవర్‌ను గాస్‌పోర్ట్‌లో చార్లెస్ నికల్సన్ ఉక్కు రేకులతో కట్టించాడు కాబట్టి బద్దల అతుకులు కనిపించకూడదు. పుట్టీ పెట్టి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, వేలితో తడిమి, మళ్లీ పుట్టీ పెట్టడం నేను ఆరుసార్లు చేశాను. తెరచాప గుడ్డ మాత్రం మందం ఎక్కువ, మడత సరిగా పడదు.

నాకు నిజంగా బాధ కలిగించినది కిట్‌తో వచ్చిన చరిత్ర పుస్తకం. అందులో యజమాని ఉన్నాడు, రూపకర్త ఉన్నాడు, పడవ నడిపిన నావికుల గురించి ఒక్క వాక్యం లేదు. ఆ కాలపు బ్రిటిష్ పందెపు పడవల్లో పనిచేసినవారిలో చాలామంది టోల్స్‌బరీ, బ్రైట్‌లింగ్‌సీ వంటి ఎసెక్స్ తీరపు ఊళ్ల జాలరులు. చలికాలం చేపల వేట, వేసవిలో పందెపు పడవ మీద జీతం, పందేలను బట్టి పైన కొంత సొమ్ము. 1930లో ఇదే కప్ కోసం పోటీపడిన సర్ థామస్ లిప్టన్ పడవ షామ్‌రాక్ 5 చుక్కాని పట్టినది కూడా ఆ వృత్తివారిలో ఒకడైన నెడ్ హర్డే. అమెరికా ప్రయాణానికి జీతం పెంచమని ఎండెవర్ నావికులు అడగడం, సాప్‌విత్ ఒప్పుకోక వారిని పంపేసి వారి చోట ఔత్సాహికులను ఎక్కించుకోవడం ఈ పడవ కథలో అతి ముఖ్యమైన మలుపు. దాన్ని వదిలేసి ఆ పోటీని చెప్పడం సాధ్యం కాదు.

అమెరికాలోని న్యూపోర్ట్ దగ్గర ఎండెవర్ మొదటి రెండు పందేలూ గెలిచి, చివరికి హెరాల్డ్ వాండర్‌బిల్ట్ నడిపిన అమెరికా పడవ రెయిన్‌బో చేతిలో 4–2 తేడాతో ఓడింది. వృత్తి నావికులు లేకపోవడమే కారణమని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మూడో పందెంలో ఆరు నిమిషాలకు పైగా ముందున్న పడవను, ప్రత్యర్థిని అడ్డుకోవాలని దిశ మార్చి ఆధిక్యాన్ని పోగొట్టినది చుక్కాని దగ్గర తీసుకున్న నిర్ణయం. తాళ్లు లాగినవారి చేతులు ఆ తప్పు చేయలేదు. అయినా సముద్రం మీదే బతికినవారు ఆ రోజు డెక్ మీద ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న, నమూనా తెరచాప స్తంభానికి ఒక్కొక్క తాడూ బిగిస్తున్నంతసేపూ నన్ను వదలలేదు.

డెక్ వెనక భాగంలో యజమాని గదుల పైకప్పు అద్దాలకు చిన్న ఇత్తడి చట్రాలు కూడా ఇచ్చారు, అవి చాలా బాగున్నాయి. ముందు భాగంలో, నావికులు తాము పడుకునే చోటికి దిగే ద్వారానికి మాత్రం అచ్చువేసిన గీత తప్ప ఏమీ లేదు. మిగిలిన బద్ద ముక్కను కోసి, వార్నిష్ పూసి, ఆ మూతను నేనే చేసి అతికించాను.