విదేశీ పశువైద్య శిక్షణ: గ్రాంటు కోసం ఆగాలా, నగలు కుదువ పెట్టాలా?

నెల్లూరు, ఒంగోలు నుంచి బీవీఎస్సీ చదివే పిల్లలు నెలరోజుల శిక్షణకు బయటిదేశం వెళ్లాలంటే ఈ రెండు దారులే ముందుకొస్తాయి. విద్యారుణం ప్రధానంగా డిగ్రీ చదువుల కోసం. ఇంత చిన్న శిక్షణకు బ్యాంకులు సాధారణంగా ఇవ్వవు.

ఖర్చు: గ్రాంటు తిరిగి కట్టక్కర్లేదు. కానీ కొన్నిటిలో ముందు మనమే పెట్టుకుని, వచ్చాక బిల్లులు చూపాలి.
నగల మీద డబ్బు ఒకట్రెండు రోజుల్లో వస్తుంది. 2 లక్షలకు 9 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 18,000.

శ్రమ: నగలకు ఆధార్, పాన్ చాలు. గ్రాంటుకు అక్కడివాళ్ల అంగీకార పత్రం, డీన్ లేఖ, పద్దులవారీ లెక్క, ఏం నేర్చుకుంటారో ఒక పేజీ కావాలి. ఆ పేజీలోనే చాలామంది తేలిపోతారు. ‘పశువులంటే ఇష్టం’ అంటే సరిపోదు. బ్రెజిల్ వెళ్లేవాళ్లయితే అక్కడి నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి సంతతేనని చెప్పి, పిండమార్పిడి (మేలైన ఆవు పిండాన్ని మరో ఆవు గర్భంలో పెట్టడం) నేర్చుకుని ఇక్కడి మందల్లో ఎలా వాడతారో రాయండి. మన జిల్లాల పిల్లలకు ఇంతకు మించిన బలం లేదు.

రిస్కు: గ్రాంటు రాకపోవచ్చు. నగలు గడువు దాటితే వేలానికి పోతాయి. వీసాకు ముందు ఖాతాలో ఒక్కసారే పెద్ద మొత్తం పడితే అనుమానిస్తారు, కుదువ రసీదు జతచేయండి.

రేబిస్ ముందస్తు టీకా, బీమా ఖర్చు రెండింటిలోనూ తప్పదు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

మూడో ఏడాదిలో ఉంటే గ్రాంటుకే ప్రయత్నించండి, టైముంది. ఇంటర్న్‌షిప్‌లో ఉండి, అంగీకార పత్రం వచ్చి, తేదీలు మారవంటే నగలు పెట్టండి, అదీ టికెట్టు, వీసా ఖర్చు మేరకే.