పాత రోడ్ సైకిల్‌కి కొత్త బ్రేకులు: మూడు వానాకాలాల తర్వాత

మా బాబాయి వాడిన స్టీలు ఫ్రేమ్ రోడ్ సైకిల్ ఇది. 27 అంగుళాల చక్రాలు, క్రోము పూసిన స్టీలు రిమ్ములు, పాతకాలం సైడ్‌పుల్ (కేబుల్ ఒక పక్క నుంచి లాగే) బ్రేకులు. మొదటి ఏడాది కొండవీడు ఘాట్ దిగుతుంటే చినుకులు మొదలయ్యాయి. రెండు లీవర్లూ హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా సైకిల్ ఆగలేదు. మలుపులో పక్కనున్న మట్టిలోకి దింపి, కాళ్లు ఈడ్చి ఆపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట బ్రేకుల రబ్బర్లు మాత్రం మార్చి చూశా. పొడి రోడ్డు మీద కాస్త నయం, తడిలో మళ్లీ అంతే. నున్నటి క్రోము తడిస్తే ఏ రబ్బరూ దాన్ని గట్టిగా పట్టలేదు. చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోయేలా ఉంటే రిమ్ములే ముందు మార్చండి.

నేను అల్యూమినియం రిమ్ములతో 700సి (ఇప్పటి రోడ్ సైకిళ్ల కొలత) చక్రాలు కట్టించా. టైరు కూర్చునే చోట 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మి.మీ., దీనిది 622. అంటే తేడాలో సగం, బ్రేకు రబ్బరు 4 మి.మీ. కిందికి దిగాలి. పాత బ్రేకు అందలేదు. బోల్టు రంధ్రం నుంచి రిమ్ములో రబ్బరు ఆనే చోటికి కొలిస్తే 64 మి.మీ. వచ్చింది. ఇప్పటి మామూలు రోడ్ బ్రేకులు 49 దగ్గరే ఆగిపోతాయి. అందుకే 55 నుంచి 73 దాకా అందే టెక్ట్రో ఆర్559 బ్రేకులు తెప్పించా, బోల్టు వెనక మామూలు నట్టు బిగించే రకం. లోపలికి దిగే నట్టు రకమైతే పాత ఫోర్కు రంధ్రాన్ని పెద్దది చేయాలి. బాబాయి సైకిల్‌కి డ్రిల్లు పెట్టడానికి మనసొప్పలేదు.

మూడేళ్లుగా రోజూ గుంటూరులో అమరావతి రోడ్డు మీదుగా ఆఫీసుకి దీనిమీదే. శంకర్ విలాస్ సెంటర్లో ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగినా రెండు వేళ్లు చాలు. రెండు చేతులూ వేర్వేరు ఇరుసుల మీద తిరిగే బ్రేకు కాబట్టి ఒక పక్కకి జరిగి రిమ్ముని రాసుకోవడం పోయింది. కాకపోతే ఈ రకం బ్రేకుల రబ్బర్లు రిమ్ముకి బాగా దగ్గరగా ఉండాలి, చక్రం కొంచెం వంకరపోయినా తగులుతుంది. నాలుగైదు నెలలకోసారి పుల్లలు బిగించి బెండు తీయిస్తున్నా.

కేబుళ్లు పాతవే ఉంచడం నా పొరపాటు. లోపలి తీగ తుప్పుపట్టి లీవరు బరువుగా ఉండేది. నెల తర్వాత తీగ, పైతొడుగు రెండూ మార్పించాకే ఈ బ్రేకుల అసలు బలం తెలిసింది. కీచుమంటుంటే రబ్బరు ముందు కొస రిమ్ముకి ఒక మి.మీ. ముందుగా తగిలేలా బిగించండి.

ఇప్పుడున్నవి కూల్‌స్టాప్ సాల్మన్ రబ్బర్లు, తడిలో బాగా పడుతున్నాయి. వానల్లో వారానికోసారి చక్రం తీసి చూస్తా. రబ్బర్లలో సన్నటి అల్యూమినియం రజను గుచ్చుకుని ఉంటుంది. పిన్నీసుతో తీసేయకపోతే అదే రిమ్ముని గీసేస్తుంది.