బండి మారాలంటే బెజవాడా, గుంటూరా?

మొన్న నంద్యాల నుంచి మామయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్ అల్లుడూ, విశాఖ పోవాలి. బండి గుంటూరులో మారమంటావా, బెజవాడ దాకా లాగించమంటావా?" అని అడిగాడు. తిన్నగా పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు దొరకలేదట. "గుంటూరులోనే దిగు మామయ్యా" అన్నాను. "అదేంట్రా, అంత పెద్ద స్టేషన్ పక్కనుండగా?" అన్నాడు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. గుంటూరు, బెజవాడల మధ్య ఆరేళ్ళు సీజన్ టికెట్ మీద తిరిగినవాణ్ణి. ఈ 32 కిలోమీటర్ల మీద నాకు ఆ మాత్రం హక్కుంది.

అందరూ మొదట ప్లాట్‌ఫారాలు లెక్కపెడతారు. బెజవాడలో 10 ఉన్నాయి కాబట్టి అదే మేలంటారు. నా లెక్క వేరు. మీ బండి ఏ దిక్కు నుంచి వచ్చి ఏ దిక్కుకు పోతుందో ముందు చూసుకోవాలి. స్టేషన్ కట్టడం, దాని చరిత్ర, అక్కడ మనం పడే పాట్లు అన్నీ ఆ దిక్కుల్లోనే ఉన్నాయి.

బెజవాడ రైళ్ళకు జంక్షన్ కాకముందే పడవలకు జంక్షన్. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. దాని నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ ఒక ఒడ్డున, కొమ్మమూరు వైపు పోయే కాలువ అవతలి ఒడ్డున బయల్దేరాయి. పొలాలకు నీళ్ళతో పాటు సరుకు పడవలూ ఆ కాలువల్లోనే నడిచేవి. ఇంత సరుకు ఒకచోట చేరుతుంటే రైలు కంపెనీలు ఊరికే ఉంటాయా? నైజాం రైల్వే వాళ్ళు సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా 1889లో ఇక్కడికి పట్టాలు తెచ్చారు. ఆ దారిలోనే డోర్నకల్ దగ్గర ఇల్లెందు బొగ్గు కలుస్తుంది. 1893 నుంచి 1896 లోపల ఈస్ట్ కోస్ట్ రైల్వే కటక్ దాకా వేసిన లైను ఇంకో పక్క నుంచి వచ్చింది. మద్రాసు లైను 1899లో కలిసింది. పడమటి నుంచి గుంతకల్లు, గుంటూరు మీదుగా దక్షిణ మరాఠా రైల్వే వారి మీటరు గేజి, అంటే మీటరు వెడల్పు చిన్న పట్టాలు, ఉండనే ఉంది. నాలుగు పక్కల నుంచి వేరువేరు యజమానులు, వేరువేరు కొలతల పట్టాలతో వచ్చి ఒక ఇరుకు జాగాలో చేరారు. ఉమ్మడి కుటుంబంలో ఒక్కొక్కరూ ఒక్కొక్క గది వేసుకుంటూ పోయిన ఇల్లు చూశారా, బెజవాడ స్టేషన్ అలా పెరిగింది. ఊరు పేరు విజయవాడ అయి ఎన్నేళ్ళయినా టికెట్ మీద స్టేషన్ కోడు మాత్రం ఈనాటికీ బి.జెడ్.ఎ. రైల్వే దృష్టిలో అది ఇంకా బెజవాడే.

'ఇరుకు జాగా' అన్నానే, అసలు కిటుకు అక్కడుంది. స్టేషన్‌కు దక్షిణాన కాలువలు, వెంటనే కృష్ణ. పడమటి పక్క వన్‌టౌను, ఆ వెనక కొండ. తూర్పు పక్క గాంధీనగర్, గవర్నర్‌పేట. పక్కలకు జరగడానికి చోటు లేదు, పొడుగ్గా సాగడానికి ఏరు అడ్డం. మద్రాసు బండైనా, తెనాలి బండైనా, గుంటూరు ప్యాసింజరైనా కృష్ణ మీది వంతెనల్లోంచే రావాలి. స్టేషన్లో పట్టాలు ఎన్ని ఉన్నా ఆ మూతి దగ్గర సన్నమే. గుంటూరు వాళ్ళకు 'కృష్ణా కెనాల్' అనే స్టేషన్ పేరు వింటేనే నిట్టూర్పు వచ్చేది ఇందుకే. ఏటికి ఇవతల తాడేపల్లి పక్కనుండే ఆ చిన్న జంక్షన్లో బండి ఆగిందంటే ప్లాట్‌ఫారం ఖాళీ కోసం చూస్తోందన్నమాట. అవతల ఇంద్రకీలాద్రి కనబడుతుంటుంది. దిగి నడిస్తే పోతాం అనిపిస్తుంది, నడవలేం. ఆఫీసుకు ఆలస్యమైన రోజుల్లో సగం సంజాయిషీలు నేను అక్కడ కూర్చునే తయారుచేసుకున్నాను.

ఉత్తరం వైపు కథ ఇంకోలా ఉంటుంది. విశాఖ లైను గుణదల మీదుగా, కాజీపేట లైను రాయనపాడు మీదుగా, రెండూ స్టేషన్ ఉత్తరపు కొసనే కలుస్తాయి. అంటే మద్రాసు నుంచి ఢిల్లీ పోయే బండి దక్షిణం నుంచి దూరి ఉత్తరం నుంచి బయటపడుతుంది, తిరగక్కర్లేదు. విశాఖ నుంచి హైదరాబాదు పోయేది మాత్రం ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపుకే పోవాలి. ఇంజను విప్పి రెండో కొసన ఇంకోటి తగిలించాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగినవాళ్ళకు ఇది అలవాటే. రాజమండ్రి నుంచి ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు బెజవాడ తర్వాత వెనక్కి చూస్తూ కూర్చుంటారు. ఒకసారి ఎదురు సీట్లో పిల్లాడు "నాన్నా, మళ్ళీ రాజమండ్రి పోతున్నామా?" అని ఏడుపు లంకించుకున్నాడు. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాదు-విశాఖ వందేభారత్‌కు రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది కాబట్టి ఇంజను మార్చే పని లేదు గానీ దిక్కు మారడం దానికీ తప్పదు. ఈ తిరుగుడు వద్దనే కొన్ని బండ్లను ఊళ్ళోకి రానీయకుండా రాయనపాడు నుంచి పక్కదారిన గుణదల వైపు పంపేస్తుంటారు. బండి మారేవాళ్ళు టికెట్ మీద స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చదువుకోవాల్సింది ఇందుకే.

నేను దెబ్బతిన్నదీ ఈ దిక్కుల దగ్గరే. అమ్మతో కలిసి బెజవాడలో పెళ్ళి చూసుకుని హైదరాబాదు బయల్దేరాను. విశాఖ నుంచి వచ్చే బండి. మా బోగీ విశాఖలో ఇంజను వెనక రెండోది. హైదరాబాదు ఉత్తరాన ఉంది, ఇంజను ఉత్తరపు కొసన తగులుతుంది, కాబట్టి మా బోగీ అక్కడే వస్తుందని నాకు నేనే తీర్మానించేసుకుని అమ్మను ఆ కొసన బెంచీ మీద కూర్చోబెట్టాను. పైన వేలాడే కోచ్ బోర్డు చూడలేదు, పోర్టరు ఏదో చెప్పబోతే వినలేదు. బండి వచ్చింది. విశాఖ నుంచి ముందున్న బోగీలు ముందే పోయి దక్షిణపు కొసన ఆగుతాయి కదా! మా ముందు ఆగింది ఆఖరి జనరల్ పెట్టె. 20కి పైగా బోగీల బండంటే అర కిలోమీటరు. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో అమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ, పెళ్ళి అరిసెల డబ్బాతో నేను. ఇంజను మార్పుకని కాసేపు ఆగబట్టి దొరికింది. బోగీ ఎక్కి కూర్చున్నాక అమ్మ ఒకే మాట అంది: "నీకు అన్నీ తెలుసు కదరా." తప్పు నాదే, బోర్డు కరెక్టుగానే చూపించింది.

ఇక గుంటూరు. దీని పుట్టుకే వేరు. వేరువేరు కంపెనీలు ఢీకొన్న చోటు కాదిది. పడమటి సముద్రం ఒడ్డున గోవా మర్మగోవా రేవు నుంచి హుబ్లీ, గుంతకల్లు మీదుగా కృష్ణ వైపు సాగిన మీటరు గేజి దారిలో ఒక ఊరు. ఆ పాత దారి పటం చూడాలంటే మ్యూజియం అక్కర్లేదు, హౌరా నుంచి గోవాలోని వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. బెజవాడ దాటాక దాదాపు ఆ గీత మీదే పోతుంది. 1916 ప్రాంతంలో తెనాలి, రేపల్లె లైను కలిసింది. 1990ల్లో మీటరు గేజి పోయి పెద్ద పట్టాలు వచ్చాయి. నడికుడి మీదుగా బీబీనగర్ లైను వచ్చి హైదరాబాదుకు అడ్డదారి తెరిచింది. 2003 ఏప్రిల్ 1న గుంటూరు సొంత రైల్వే డివిజన్ అయింది. 32 కిలోమీటర్ల దూరంలో రెండు డివిజన్ ఆఫీసులు ఎందుకని ముక్కున వేలేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

గుంటూరు దిక్కులు చూడండి. నల్లపాడు లైను ఒక్కటీ పడమటి కొసన. అక్కడి నుంచే నడికుడి దారి, గుంతకల్లు దారి చీలతాయి. తెనాలి, కృష్ణా కెనాల్ లైన్లు రెండూ తూర్పు కొసన. అంటే నల్గొండ వైపు నుంచి వచ్చి తిరుపతి పోవాలన్నా, నంద్యాల నుంచి వచ్చి విశాఖ పోవాలన్నా బండి తిన్నగా దూసుకుపోతుంది, మెడ తిప్పక్కర్లేదు. సికింద్రాబాదు-తిరుపతి వందేభారత్‌ను బెజవాడ వైపు కాకుండా నల్గొండ, గుంటూరు మీదుగా నడుపుతున్నారు. నారాయణాద్రి, శబరి ఎక్స్‌ప్రెస్‌లు ఎప్పటి నుంచో ఇదే దారిన పోతున్నాయి.

కట్టడం మాటకొస్తే రెండింటిలో ఏదీ ఫొటో తీసి గోడకు పెట్టుకునేంత అందగత్తె కాదు. బెజవాడ రెండు ముఖాల స్టేషన్. గాంధీనగర్ వైపు పెద్ద ముఖం, 1వ నంబరు ప్లాట్‌ఫారం. తారాపేట వైపు రెండో ముఖం, 10వ నంబరు. ఒక ముఖం నుంచి రెండో ముఖానికి పోవడం అంటే మెట్ల వంతెన మీద ఊరు దాటడమే. వన్‌టౌను నుంచి వచ్చేవాళ్ళు తారాపేట వైపు దిగితే ప్రాణం హాయి, అది తెలియక చుట్టూ తిరిగి గాంధీనగర్ వైపు వచ్చేవాళ్ళు బోలెడుమంది. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి గానీ పండగ రోజుల్లో వాటి ముందు నిలబడేకంటే మెట్లే నయం.

గుంటూరులో నడక తక్కువ. అసలు అక్కడ స్టేషన్ కంటే పట్టాలే పెద్ద కట్టడం అనాలి, ఊరిని రెండు ముక్కలు చేశాయి కాబట్టి. ఒక పక్క పాత గుంటూరు, ఒక పక్క వీధులను లైన్లు, అడ్డరోడ్లు అని లెక్కపెట్టి గళ్ళు గీసినట్టుండే బ్రాడీపేట, అరండల్‌పేట. వాటిని కలపడానికి పైనుంచి శంకర్ విలాస్ వంతెన ఉండేది, కిందనుంచి 'మూడు వంతెనలు' అని పిలిచే దారి ఉంది. నాలుగు చినుకులు పడితే మూడు వంతెనల కింద ఏం జరుగుతుందో గుంటూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. స్టేషన్లో దిగడం తేలికే, దిగాక ఏ పక్క బయటికి రావాలో తెలిసుండాలి. బ్రాడీపేట నాలుగో లైనుకు పోవాల్సినవాడు అవతలి పక్క బయటికొచ్చాడా, ఆటోవాడి పంట పండింది.

మరి ఏది మేలు? విశాఖ, హౌరా, ఢిల్లీ, కాజీపేటల మధ్య ఎటు నుంచి ఎటు పోయినా బెజవాడే. రాత్రి ఏ వేళ దిగినా అటో ఇటో ఒక బండి ఉంటుంది. ఒకటి తప్పిపోయినా ఇంకోటి వస్తుందన్న ధైర్యం గుంటూరులో ఉండదు. నడికుడి దారిలో ఒంటి లైను కావడంతో ఎదురు బండి కోసం ఏ పల్లె స్టేషన్లోనో ఆగడం మామూలే. 239 కిలోమీటర్ల ఆ లైనుకు రెండో పట్టా మంజూరైంది, అది పూర్తయితే ఈ మాట వెనక్కి తీసుకుంటాను. రాయలసీమ, నల్గొండ వైపు వాళ్ళకు, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళకు గుంటూరు సుఖం. మామయ్యకు గుంటూరు అని చెప్పింది ఇంకో కారణం వల్ల: విశాఖ పోయే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ గుంటూరులోనే బయల్దేరుతుంది. పుట్టిన చోట బండి ఖాళీగా నిలబడి ఉంటుంది. నింపాదిగా ఎక్కి, సామాను సీటు కింద తోసుకుని, టీ తాగేంత తీరిక ఉంటుంది. అదే బెజవాడలో ఎక్కితే దిగేవాళ్ళకు ఎదురీదాలి.

మద్రాసు పోయేవాళ్ళు ఈ రెండూ వదిలేసి తెనాలి పొండి. గుంటూరుకు పాతిక కిలోమీటర్లు, మెయిన్ లైను మీదే ఉంది, పినాకిని ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. బెజవాడ దాకా పైకెళ్ళి మళ్ళీ అదే కృష్ణ దాటి కిందికి రావడం కంటే బుద్ధిగల పని. కాకపోతే పెద్ద బండ్లు కొన్ని అక్కడ ఆగవు, చూసుకోవాలి.

ఈ లెక్కలన్నీ మారే రోజు కూడా వస్తోంది. కాజీపేట దారిలోని ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా 57 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 అక్టోబరులో కేంద్రం ఒప్పుకుంది. అంచనా 2,245 కోట్లు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన. నంబూరు గుంటూరు దగ్గరి స్టేషన్. అంటే కాజీపేట నుంచి గుంటూరుకు బెజవాడ మొహం చూడకుండా రావొచ్చు. బెజవాడ వాళ్ళు కొందరు చిన్నబుచ్చుకున్నారు గానీ ఆ ఇరుకు మూతికి అది ఊపిరే అంటాను.

అమ్మ మొన్న హైదరాబాదు నుంచి నడికుడి దారిన వచ్చింది. ఎంత నచ్చచెప్పినా ముందు ఒప్పుకోలేదు, కృష్ణలో రూపాయి వెయ్యకుండా ఎలా రావడమని. ఆ దారిలోనూ విష్ణుపురం దాటాక, పొందుగల ముందు కృష్ణే వస్తుందని చెబితే నమ్మలేదు. ఎదురు బండి కోసం ఆగి ఆగి అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరింది. చెప్పులు విప్పుతూనే, "వంతెన వచ్చేసరికి నిద్రపోయానురా, పక్క బెర్తు అమ్మాయి చేత వేయించాను, చెల్లుతుందంటావా?" అంది.