నెలల బిడ్డను పగటిపూట ఎవరి చేతిలో పెట్టాలి: అవ్వ, ఆయా, శిశు సంరక్షణ కేంద్రం

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు బిడ్డలకు తల్లికి దొరికే సెలవు 26 వారాలు. అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, పనిలో చేరే నాటికి బిడ్డకు నాలుగు నెలలే నిండి ఉంటాయి. శ్రీసిటీ పరిశ్రమలలోనో, తిరుపతి ఆసుపత్రులలోనో పనిచేసే తల్లికి అప్పుడు కనిపించేవి ఈ మూడు దారులే.

ఆయా ఎంత మంచిదైనా ఇంట్లో రోజంతా ఒక్కతే ఉంటుంది. బిడ్డ ఆగకుండా ఏడ్చి ఆమె ఓపిక నశించినప్పుడు అందుకునే రెండో చెయ్యి ఉండదు. పెద్దవాళ్లు కనిపెట్టుకుని ఉండే ఇంట్లో తప్ప ఈ పద్ధతిని నేను మేలనను.

అవ్వ సంగతి వేరు. ఆమె ఒడిలో బిడ్డకు కొత్త ఉండదు. ఆరు నెలలు నిండాక రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, జల్లించిన పిండితో జావ కాచి ఓపికగా తినిపించేది ఆమే. అయితే పాకే బిడ్డ వెంట మోకాళ్ల నొప్పులతో తిరగడం కష్టం. వసకొమ్మును తేనెలో అరగదీసి నాకించడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం వంటి అలవాట్లనూ మాన్పించవలసి ఉంటుంది. తేనెలో బొట్యులిజం అనే, కండరాలను చచ్చుబడేసే జబ్బును కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చు కనుక ఏడాది లోపు బిడ్డకు దానిని పెట్టనే కూడదు. కోడలు చెబితే నొచ్చుకునే అవ్వ, టీకాకు వెళ్లినప్పుడు డాక్టరు చెబితే వింటుంది.

కేంద్రాల మధ్య ఉన్న తేడాయే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మేము మొదట చూసిన చోట గోడల నిండా బొమ్మలు, ఏసీ గది ఉన్నాయి కానీ, పసిబిడ్డలను వరుసగా పడుకోబెట్టి, పాలసీసాలను దిండ్లకు ఆనించి వదిలేశారు. పాలు గొంతుకు అడ్డం పడితే చూసేవారు లేరు. రెండవది రెండు గదుల మామూలు ఇల్లు. అక్కడి ఆయా చేతులు కడుక్కుని వచ్చి, "బట్ట మారుస్తాండా కన్నా, కాలెత్తు" అని చెప్పి, బిడ్డ తన వైపు చూసేదాకా ఆగింది. ఆ పాప ఎదురు మాట పలికినట్లు కాళ్లాడించింది. రోజుకు ఎన్నోసార్లు జరిగే ఈ చిన్న పనులలోనే బిడ్డకు మాటా, నమ్మకమూ అబ్బుతాయని నాకు ఆ క్షణంలో అర్థమయింది. ముగ్గురు నలుగురు బిడ్డలను రోజూ ఒకే ఆయా చూసుకోవడం, నిద్రకు వెల్లకిలా పడుకోబెట్టడం, పాలు ఉగ్గుగిన్నెతో పట్టడం ఉంటే గోడలు వెలసిపోయినా ఫరవాలేదు.

చనుపాలు తాగే బిడ్డకు ఇంటి దగ్గరి కేంద్రం కన్నా పనిచోట ఉన్నదే మేలు. 50 మంది గానీ అంతకు మించి గానీ ఉద్యోగులున్న సంస్థ ఈ వసతి కల్పించాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లనివ్వాలనీ చట్టం చెబుతోంది. 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండల్లో పిండిన పాలను చల్లగానే ఉంచి తీసుకెళ్లాలి కాబట్టి, ఈ వెసులుబాటు చిన్నది కాదు.

పదిమంది పిల్లల మధ్య జలుబులు, జ్వరాలు ఎక్కువ. అందుకే, ఆరోగ్యంగా ఉండి, మనస్ఫూర్తిగా ఒప్పుకునే అవ్వ ఉంటే తొమ్మిది నెలల టీకా దాకా ఆమె దగ్గరే ఉంచి, తర్వాత పూటపూటగా కేంద్రానికి అలవాటు చేయడం మేలని నా అభిప్రాయం. మా పాపకు మేము చేసినదీ అదే. అవ్వ రాలేని ఇంటికి ఆయా కన్నా మంచి కేంద్రమే మేలు. ఫీజు కట్టే ముందు ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లి, ఏదో ఒక బిడ్డను చూపించి, ఈ రోజు ఎంతసేపు నిద్రపోయిందని ఆయాను అడగండి. పుస్తకం తెరవకుండానే చెప్పగలిగితే చేర్చవచ్చు.